గుప్పెడు బాదం కూర గిన్నెకు బదులవుతుందా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. మీ నాన్నగారికి 62 ఏళ్లు, షుగరు అంచున ఉందని డాక్టరుగారు చెప్పారు. ఫోనులో వచ్చిన ఒక పట్టికలో 100 గ్రాముల బాదంపప్పును, 100 గ్రాముల పాలకూరను పక్కపక్కన పెట్టి, మాంసకృత్తులు, పీచు, కాల్షియం, ఇనుము, మెగ్నీషియం అన్నింటిలోనూ బాదమే ముందున్నట్టు చూపించారు. కూరగాయల మీద మందులు కొడుతున్నారన్న భయం ఆయనకు ముందునుంచీ ఉంది. ఆ పట్టిక చూశాక కూరలు దాదాపు మానేసి, రోజుకు 100 గ్రాముల దాకా బాదం, జీడిపప్పు, వాల్‌నట్లు తింటున్నారు. ఇది సరైన పద్ధతేనా అన్నది మీ ప్రశ్న.

సరైనది కాదు. ఆయన గింజలు తినడం మంచిదే, కానీ వాటిని కూరగాయలకు బదులుగా తినడంలో పొరపాటుంది. రెండు దశాబ్దాలకు పైగా ఆహార సలహాదారుగా పనిచేస్తున్నాను, ఈ పట్టిక పట్టుకొని వచ్చినవారిని చాలామందిని చూశాను. పట్టికలోని అంకెలు చాలావరకు నిజమైనవే కాబట్టి దాన్ని ఊరికే కొట్టిపారేస్తే మీ నాన్నగారు వినరు. అంకెలు నిజమైనా పోలిక ఎక్కడ తప్పిందో ఆయనకు వివరంగా చెప్పాలి.

తప్పంతా 100 గ్రాములన్న కొలతలోనే ఉంది. పాలకూరలో 91 శాతం నీరే, సొరకాయలో, టమాటాలో 95 శాతం దాకా నీరే. బాదంలో నీరు 5 శాతం కూడా ఉండదు. అంటే ఆ పట్టిక 9 గ్రాముల పాలకూర సారాన్ని 95 గ్రాముల బాదం సారంతో పోలుస్తోంది. నిన్న సాయంత్రం మా వంటింట్లో మూడు కట్టల పాలకూర వేళ్లు కోసి, కడిగి, నీళ్లు ఓడ్చి తూచాను. 450 గ్రాములు తూగింది. కడాయిలో వేస్తే అంచు దాటి కుప్పగా పైకి లేచింది, మూత పెట్టిన నాలుగు నిమిషాలకు అడుగున రెండు గుప్పిళ్ల ముద్దగా మిగిలింది. ఆ కుప్పను, ఆ ముద్దను ఒకసారి కళ్లారా చూస్తే 100 గ్రాముల పోలిక ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది.

నీటిని పక్కన పెట్టి లెక్క వేస్తే బొమ్మ తిరగబడుతుంది. 100 గ్రాముల పాలకూరలో మాంసకృత్తులు 2.9 గ్రాములు, అంటే దాని పొడి బరువులో దాదాపు మూడో వంతు. బాదంలో 21 గ్రాములు, అంటే పొడి బరువులో నాలుగో వంతు కన్నా తక్కువ. కేలరీల కొలత తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. 100 కేలరీలు 17 గ్రాముల బాదంలోనే వచ్చేస్తాయి, అంటే పద్నాలుగు పదిహేను పలుకులు. అన్నే కేలరీలు పాలకూర నుంచి రావాలంటే 430 గ్రాములు తినాలి. అంత పాలకూరలో మెగ్నీషియం 340 మిల్లీగ్రాములు ఉంటే, ఆ కాసిని బాదం పలుకుల్లో 46 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే ఈ కొలత కూడా న్యాయమైనది కాదు. ఎండబెట్టిన పాలకూరను ఎవరూ బువ్వలా తినరు, 430 గ్రాముల ఆకును ఒక్క పూటలో ఒక్కరే తినరు. ఎంచుకున్న కొలతను బట్టి గెలిచే వస్తువు మారిపోతుంది, కాబట్టి కంచంలో నిజంగా పడే మోతాదు మీదనే పోలిక జరగాలి.

మనిషి ఒక రోజులో తినదగిన గింజలు 30 గ్రాములు, అంటే బాదమైతే పాతిక పలుకుల లోపు. ఒక పూట ఒకరి వాటాకు వచ్చే పాలకూర, పచ్చిగా తూచితే, 150 గ్రాములు. ఆ 30 గ్రాముల బాదంలో 174 కేలరీలు, మాంసకృత్తులు 6.4 గ్రాములు, కొవ్వు 15 గ్రాములు, పీచు 3.7 గ్రాములు, మెగ్నీషియం 81, కాల్షియం 81, పొటాషియం 220 మిల్లీగ్రాములు, ఇనుము 1.1 మిల్లీగ్రాములు, ఫోలేట్ అనే బి విటమిన్ 13 మైక్రోగ్రాములు ఉంటాయి. ఆ 150 గ్రాముల పాలకూరలో కేలరీలు 35 మాత్రమే. మాంసకృత్తులు 4.3 గ్రాములు, పీచు 3.3 గ్రాములు, మెగ్నీషియం 118, కాల్షియం 148, పొటాషియం 830 మిల్లీగ్రాములకు పైగా, ఇనుము 4 మిల్లీగ్రాములు, ఫోలేట్ 290 మైక్రోగ్రాములు. ఇవి అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల నుంచి లెక్క కట్టిన అంకెలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల భారతీయ ఆహార పదార్థాలను పరీక్షించి వెలువరించిన పట్టికల్లో కొన్ని అంకెలు కొంత అటూ ఇటూగా ఉంటాయి కానీ, చిత్రం మారదు. మోతాదు మీద చూస్తే మాంసకృత్తుల్లో బాదం కొంత ముందుంది, పీచులో రెండూ ఇంచుమించు సమానం, పైన చెప్పిన ఖనిజాల్లో ఆకుకూర ఎక్కడా వెనకబడలేదు.

ఆ పట్టిక తయారు చేసినవారు కొన్ని గడులను పూర్తిగా వదిలేశారు. బాదంలో విటమిన్ సి లేదు, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ లేనట్టే లెక్క. జీడిపప్పు, వాల్‌నట్, వేరుశెనగల సంగతీ ఇంతే. పెద్దవయసు పురుషుడికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి అవసరమని మన భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. కిలో బాదం తిన్నా ఆ అవసరంలో ఒక్క పాలు కూడా తీరదు. అదే మునగాకు, క్యాప్సికం, క్యాబేజీ, కాకరకాయ, ఆఖరికి రోజూ వాడే పచ్చిమిరపకాయ కూడా దాన్ని ఇస్తాయి. విటమిన్ సి కోసం జామకాయ తింటే సరిపోదా అని అడగవచ్చు. ఆ ఒక్క విటమిన్ వరకు నిజంగానే సరిపోతుంది. కానీ ఆకుకూరల్లోని ఫోలేట్, విటమిన్ కె, క్యారెట్, గుమ్మడి, తోటకూరల్లోని కెరోటిన్లు, అన్ని కూరల్లోని పొటాషియం, వీటన్నిటినీ ఒక జామకాయ మోయలేదు. రక్తపోటు అదుపులో ఉండటానికి ఉప్పు తగ్గించడం ఎంత అవసరమో, తగినంత పొటాషియం అందడమూ అంతే అవసరం. తక్కువ కేలరీలతో పొటాషియం ఇవ్వడంలో కూరగాయలకు గింజలు సాటి రావు.

మరొక సంగతి పట్టికలకు ఎక్కదు. బీరకాయ కూరో సొరకాయ పులుసో కంచంలో సగం ఆక్రమిస్తే అన్నానికి మిగిలే చోటు సగమే. షుగరు అంచున ఉన్న మనిషికి ఆ చోటు విలువ చాలా ఎక్కువ. మీ నాన్నగారు కూర మానేశాక ఆ ఖాళీని ఏది నింపిందో ఒక్కసారి గమనించండి. నాకు తెలిసినంతలో చాలా ఇళ్లలో అది పచ్చడి కలిపిన రెండో విడత అన్నమో, పెరుగన్నమో అవుతుంది. గింజలు పొద్దున్నో సాయంత్రమో తింటారు కాబట్టి, భోజనంలో ఖాళీ అయిన కూర చోటును అవి నింపవు.

ఇక గింజల పక్షాన చెప్పవలసినదీ గట్టిగానే ఉంది. 30 గ్రాముల బాదంలో 7.7 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటుంది. మన కూరగాయల్లో దేనినుంచీ అంత తేలికగా రాదు. వాల్‌నట్లలో ఒమేగా-3 కుటుంబానికి చెందిన కొవ్వు ఆమ్లం 100 గ్రాములకు 9 గ్రాముల దాకా ఉంటుంది. చేప తినని ఇంట్లో అవిసె గింజల తర్వాత చెప్పుకోదగినది అదే. జీడిపప్పులో జింకు, ఇనుము బాదంలో కన్నా ఎక్కువ, పీచు మాత్రం బాదంలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. పిస్తాలో పొటాషియం మిగతా గింజల కన్నా ఎక్కువ. గింజలన్నిటినీ ఒకే గాటన కట్టి 'డ్రై ఫ్రూట్స్' అనేయడం వల్ల ఈ తేడాలు మరుగునపడుతున్నాయి. పైగా ఖర్జూరం, కిస్మిస్ కూడా అదే మాటలో కలిసిపోతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం చక్కెర అన్న సంగతి మీ నాన్నగారి విషయంలో ముఖ్యం.

వేరుశెనగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో దానికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. వృక్షశాస్త్రం ప్రకారం అది పప్పుధాన్యాల కుటుంబానికి చెందినదే అయినా, పోషకాల తీరులో గింజల సరసన నిలుస్తుంది. 100 గ్రాముల్లో మాంసకృత్తులు 25 గ్రాములకు పైగా, అంటే బాదం కన్నా ఎక్కువ. ఫోలేట్ 240 మైక్రోగ్రాములు, అంటే బాదంలో ఉన్నదానికి అయిదు రెట్లు. నియాసిన్ అనే బి విటమిన్‌లో బాదం దీని దరిదాపుల్లోకి రాదు. విటమిన్ ఇ, కాల్షియం విషయాల్లో బాదానిది పైచేయి. ధర చూస్తే బాదం ధరలో నాలుగో వంతుకో అయిదో వంతుకో అనంతపురం పల్లీలు దొరుకుతాయి. బాదం కొనలేక పిల్లలకు మంచి తిండి పెట్టలేకపోతున్నామని బాధపడే తల్లులు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. ఉడకబెట్టిన పల్లీలు, కాస్త బెల్లంతో చేసిన పల్లీపట్టీ పెడుతున్న తల్లి పిల్లలకు ఏమీ తక్కువ చేయడం లేదని ప్రతిసారీ చెబుతూనే ఉంటాను.

పట్టికలో ఉన్నదంతా ఒంటబట్టదు, ఇది రెండు పక్షాలకూ వర్తిస్తుంది. పాలకూరలోని కాల్షియాన్ని దానిలోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు పట్టి ఉంచుతాయి, అందువల్ల దానిలో దాదాపు 5 శాతమే మనకు అందుతుంది. పాలలోని కాల్షియం నాలుగో వంతుకు పైగా అందుతుంది. కాబట్టి పైన నేను చెప్పిన 148 మిల్లీగ్రాములను చూసి ఎముకల సంగతి తీరిపోయిందనుకుంటే అది నేతిబీరలో నెయ్యి వెతకడమే. బాదంలో కూడా ఆక్సలేట్లు తక్కువేమీ కాదు, దానికి తోడు గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుమును, జింకును పట్టి ఉంచుతాయి. గింజల్లోని కొవ్వూ మొత్తం అందదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధనలో, లెక్క ప్రకారం 170 దాకా కేలరీలు ఉండవలసిన 28 గ్రాముల బాదం నుంచి మనుషులకు అందినవి 129 కేలరీలేనని తేలింది. ఎంత నమిలినా కొన్ని కణాల గోడలు పగలవు, వాటిలోని నూనె అలాగే బయటికి పోతుంది. పరిమితంగా గింజలు తినేవారు అనుకున్నంతగా బరువు పెరగకపోవడానికి ఇదొక కారణం.

రెండింటినీ ఒకే పూట తింటే ఒకదాని లోటును మరొకటి కొంత పూడుస్తుంది. శాకాహారంలోని ఇనుము బాగా ఒంటబట్టాలంటే అదే భోజనంలో విటమిన్ సి ఉండాలి, అది గింజలో లేదు, కూరలో, నిమ్మరసంలో ఉంది. కూరలోని కెరోటిన్లు, విటమిన్ కె ఒంటబట్టాలంటే కొవ్వు ఉండాలి, అది కూరలో లేదు, గింజలో ఉంది. మన వంటను ఈ కంటితో చూడండి. గుత్తి వంకాయలో కూరే కారంలో వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి ఉంటాయి. తోటకూర వేపుడు దించే ముందు పల్లీల పొడి చల్లుతారు. బీరకాయ పచ్చడిలో, దోసకాయ పచ్చడిలో నువ్వులో పల్లీలో పడతాయి. మన పెద్దవాళ్లు కెరోటిన్ లెక్కలు వేసి వండలేదు, రుచి కోసమే వండారు. అయినా కూర, గింజ ఒకే ముద్దలో కలిసే ఈ అలవాటు పోషకాల లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మీ నాన్నగారు ఎంత బాదం తిన్నా కూర లేని కంచంలో ఈ మేలు దొరకదు.

ఇప్పుడు ఆయన తింటున్న 100 గ్రాముల సంగతి. అందులో 580 కేలరీలకు అటూ ఇటూగా ఉంటాయి. కొన్ని ఒంటబట్టకుండా పోయినా, 60 ఏళ్లు దాటి కూర్చుని చేసే పనులే ఎక్కువగా ఉన్న పురుషుడికి రోజుకు కావలసిన 1,700 కేలరీలలో అది నాలుగో వంతుకు పైనే. కొవ్వు 50 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల ఆహారానికి సూచించిన నూనె మొత్తం 27 గ్రాములే. ఆ మార్గదర్శకాలే గింజలకు 35 గ్రాములు, కూరగాయలకు 400 గ్రాములు కేటాయించాయి. పదకొండు రెట్ల తేడా. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం వంటివి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు తినమనే పండ్లు, కూరగాయల లెక్కలోకి రావని గుర్తుంచుకోండి. ఆలూ వేపుడును కూరగాయగా లెక్కపెట్టే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి.

గింజలు గుండెకు మంచివని మీ నాన్నగారు చదివిన మాట నిజమే. దానికి బలమైన ఆధారాల్లో ఒకటి స్పెయిన్‌లో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మంది మీద జరిగిన ప్రెడిమెడ్ పరిశోధన. 2013లో ప్రచురితమైంది, మనుషులను గుంపులుగా విడదీయడంలో కొన్ని లోపాలు బయటపడటంతో లెక్కలు మళ్లీ వేసి 2018లో తిరిగి ప్రచురించారు. ఫలితం పెద్దగా మారలేదు. గింజలు తిన్న గుంపులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి దాదాపు 30 శాతం తగ్గాయి. వాళ్లకు ఇచ్చినది రోజుకు 30 గ్రాములు, సగం వాల్‌నట్లు, మిగతా సగం బాదం, హేజెల్‌నట్లు. అదీ కూరగాయలు, పండ్లు, పప్పులు, చేపలు పుష్కలంగా తినే మధ్యధరా భోజనంతో కలిపి. ఈ ఒక్క వివరం ఆయనకు చదివి వినిపించండి. గింజల మేలు చాటిన పరిశోధనలోనే గింజలు కూరగాయలకు తోడుగా ఉన్నాయి, బదులుగా లేవు.

ఇక పురుగుమందుల భయం గురించి. అది ఉత్తి భయం అని నేను అనను. కోత కోసే ముందు మందు కొట్టిన వంకాయ, బెండకాయ, కాలీఫ్లవర్ మార్కెట్లోకి వస్తూనే ఉన్నాయి. ధారగా పారే నీటిలో రుద్ది కడగడం, ఆకుకూరలను రెండు మూడు నీళ్లలో జాడించడం, క్యాబేజీ పై రేకులు తీసేయడం, తొక్క తీయదగినవాటికి తీయడం, రకాలు మార్చి మార్చి కొనడం వల్ల ముప్పు బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. డాబా మీద రెండు కుండీల్లో తోటకూర, మెంతికూర చల్లుకుంటే మూడు నాలుగు వారాల్లో చేతికొస్తాయి, ఖాళీ సమయం ఉన్న మీ నాన్నగారికి ఇది నచ్చవచ్చు కూడా. అయితే గింజలు మచ్చలేనివన్న నమ్మకం సరికాదు. చెమ్మ తగిలిన వేరుశెనగ మీద పెరిగే బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయానికి అది చాలా చెడ్డది, వేయించినా పూర్తిగా పోదు. బాదం, పిస్తాలకూ ఆ బెడద ఉంది. ముడతలు పడినవి, నల్లబడినవి, నోట్లో వేసుకోగానే చేదుగా తగిలినవి ఉమ్మేయాలి. డబ్బా తెరవగానే పాత నూనె వాసన కొడితే ఎంత ఖరీదైనవైనా పారేయాలి. వాల్‌నట్లు అన్నిటికన్నా త్వరగా పాడవుతాయి, వాటిని ఫ్రిజ్‌లో పెట్టండి.

కూర నుంచి అందే మేలు దాన్ని వండే తీరు మీద కూడా కొంత ఆధారపడి ఉంటుంది. తరిగిన తర్వాత కడిగితే, ఉడికించిన నీళ్లు పారబోస్తే విటమిన్ సి, ఫోలేట్ ఆ నీళ్లతోనే పోతాయి. కడిగి తరగాలి, మూతపెట్టి తక్కువ నీళ్లలో మగ్గించాలి. పచ్చిగా తింటేనే మంచిదన్నది అన్నిటికీ వర్తించే మాట కాదు. క్యారెట్‌లోని కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెతో ఉడికితేనే ఎక్కువగా ఒంటబడతాయి.

మీ నాన్నగారి విషయంలో కొన్ని సంగతులు ముందుగా తెలుసుకోవాలి. మూత్రపిండాల పనితీరు పరీక్ష, అంటే క్రియాటినిన్, ఈ మధ్య చేయించారా? అది ఎక్కువగా ఉంటే గింజల్లోని ఫాస్ఫరస్, కూరల్లోని పొటాషియం రెండూ ఆలోచించవలసినవే, అప్పుడు నా లెక్కలు పక్కన పెట్టి డాక్టరుగారి మాట ప్రకారమే నడవాలి. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే పాలకూర, బాదం రెండింటినీ తగ్గించి సొర, బీర, పొట్ల, క్యాబేజీల వైపు వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడుతుంటే, ఆకుకూరలు ఒక్కసారిగా మానడం, ఒక్కసారిగా మొదలుపెట్టడం రెండూ ప్రమాదమే. విటమిన్ కె హెచ్చుతగ్గులతో ఆ మందు ప్రభావం మారుతుంది కాబట్టి డాక్టరుగారికి చెప్పి, రోజూ ఒకే తీరులో తినాలి. ఇంట్లో అయిదేళ్ల లోపు మనవలుంటే ఆయన పక్కన కూర్చోబెట్టుకొని బాదం పలుకు నోట్లో పెట్టనివ్వకండి. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, పొడి చేసి పెట్టాలి.

ఇవేవీ లేకపోతే ఇలా మొదలుపెట్టండి. ఆ 100 గ్రాములను 30కి దించండి. పొద్దున్న పది బాదం పలుకులు, నానబెట్టినా సరే, నానబెట్టకపోయినా సరే, తొక్క తీయనక్కర్లేదు, పీచులో కొంత అందులోనే ఉంది. సాయంత్రం జంతికలకూ మిక్చర్‌కూ బదులుగా రెండు మూడు వాల్‌నట్లు, కాసిని ఉప్పు లేని వేయించిన పల్లీలు. మధ్యాహ్నం అన్నం కన్నా ముందు కూర వడ్డించండి, ఒక పెద్ద గిన్నెడు. రాత్రికి మరొక కూరో, కూరముక్కలు ఎక్కువగా వేసిన పులుసో. ఇన్నాళ్లు కూర మానినవారికి ఒక్కసారిగా పీచు పెరిగితే కడుపు ఉబ్బరంగా ఉంటుంది, అందుకని మొదటి వారం సొరకాయ, బీరకాయ, పొట్లకాయల వంటి తేలికైనవి పెట్టి, రెండో వారం నుంచి ఆకుకూరలు, గోరుచిక్కుడు తీసుకురండి. తోటకూర వండిన రోజు ఆయన వాటాలోంచి ఒక చెంచాన్నర పల్లీలు తీసి, దోరగా వేయించి, బరకగా దంచి, మంట ఆర్పాక కూరలో కలిపి, పైన సగం నిమ్మచెక్క పిండి వడ్డించండి. మూడు నెలలు గడిచాక హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్త పరీక్ష), క్రియాటినిన్, బరువు చూసి ఆ అంకెలు రాస్తే, అన్నం మోతాదు గురించి అప్పుడు చెబుతాను.